టామీ కూడా ఊరికొస్తోంది!

'అమ్మమ్మా, ఎల్లుండి పొద్దున్నే బయల్దేరుతున్నాం. టామీని కూడా తీసుకొస్తున్నాం!'

'దాన్నెందుకు బిడ్డా? ఈడ ఎండలకు మనుషులకే పానం పోతున్నది. అదేడ ఉంటది?'

వేసవి సెలవులు రాగానే హైదరాబాద్ నుంచి జగిత్యాలకో, కోరుట్లకో, సిరిసిల్లకో వెళ్లే ఫోన్లలో ఇలాంటి సంభాషణ ఏదో ఒకటి ఉంటుంది. ఒకప్పుడు సెలవులకు పిల్లలు, పెట్టెలు మాత్రమే ఊరికొచ్చేవి. ఇప్పుడు వెనక సీట్లో కిటికీలోంచి మూతి బయటపెట్టి ఇంకొకరు కూడా వస్తున్నారు. అమ్మమ్మ అన్నది చాదస్తం అనుకుంటాం గానీ, ఆమె అడిగిన రెండో ప్రశ్న ఉంది చూశారా... 'అదేడ ఉంటది?' అని, అసలు ఆలోచించాల్సింది దాని గురించే.

జగిత్యాల జిల్లాలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. సిరిసిల్ల కూడా పెద్దగా తీసిపోదు. మనకైతే ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. దానికి చెమట పట్టేది అరికాళ్లకే. నాలుక బయటపెట్టి రొప్పడమొక్కటే దాని కూలర్. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అది 105 దాటిందంటే ప్రమాదం గడపలోకి వచ్చినట్టే.

2003లో హచ్ ఫోన్ల ప్రకటన వచ్చిన దగ్గర్నుంచీ పగ్ మన ఇళ్లలో ముద్దుబిడ్డ అయిపోయింది. కానీ ఆ చప్పిడి ముక్కే దాని శాపం. సరిగా రొప్పలేదు. మంచు ప్రాంతాల నుంచి వచ్చిన హస్కీ, సెయింట్ బెర్నార్డ్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నన్నడిగితే ఈ మూడింటినీ మే నెలలో ఆ వైపు తీసుకెళ్లకపోవడమే మేలు. ముసలివీ, లావెక్కినవీ, గుండె జబ్బున్నవీ కూడా అంతే. దాన్ని ఎరిగినవాళ్ల ఇంట్లో వారం రోజులు వదిలితే అలుగుతుందేమో గానీ, ప్రాణానికి ఢోకా ఉండదు. నాటు కుక్కలు, లాబ్రడార్లు అయితే జాగ్రత్తగా తీసుకెళ్లొచ్చు.

బండి విప్పే వేళ

పశువులతో ప్రయాణం ఈ సీమకు కొత్త కాదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు తరతరాల ఆచారం. జాతరలకు మేకలు, కోళ్లు ఇంటిల్లిపాదితో పాటు బండెక్కేవి. అయితే ఎద్దుబండి రోజుల్లో ఒక లెక్క ఉండేది. తెల్లవారుజామునే బండి కట్టేవారు. పొద్దు నడినెత్తికి రాకముందే ఏ చింత తోపులోనో విప్పేవారు. ఎద్దులకు నీళ్లు తాపి, మేత వేసి, నీడ సాగే వేళకు మళ్లీ కట్టేవారు. ప్రయాణం వేళను పశువు నిర్ణయించేది, మనిషి సర్దుకునేవాడు. కారొచ్చాక ఆ లెక్క తిరగబడింది. టిఫిన్లయ్యాక తీరిగ్గా పది గంటలకు బయల్దేరి, మిట్టమధ్యాహ్నం దారిలో భోజనానికి ఆగుతున్నాం. అదే అసలు చిక్కు.

ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే వేడి మరో పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం రెండంగుళాలు దించినా పెద్ద తేడా ఉండదు. 'ఇదిగో, రెండు ఇడ్లీలు తినేసి వచ్చేస్తాం' అని దాన్ని లోపల వదిలి తాళం వేయడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. కొండగట్టు మొక్కు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. కుక్కను గుడిలోకి తీసుకెళ్లలేం, కారులో ఉంచలేం, బయట కట్టేస్తే కోతులు ఊరుకోవు. కాబట్టి అంజన్న దర్శనం మరో రోజుకు పెట్టుకోండి, లేదంటే ఇంట్లో ఒకరు టామీతో నీడన ఆగిపోవాల్సిందే.

హైదరాబాద్ నుంచి సిరిసిల్ల సుమారు 140 కిలోమీటర్లు. సిద్దిపేట దాకా రాజీవ్ రహదారి మీద వచ్చి ఎడమకు తిరగాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఏడింటికల్లా చేరిపోతారు. కరీంనగర్ మీదుగా జగిత్యాల, అక్కణ్నుంచి కోరుట్ల వెళ్లేవాళ్లు కూడా ఎండ ముదరకముందే గుమ్మం తొక్కొచ్చు. బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచీ దానికి తిండి పెట్టకండి, దారిలో వాంతులు ఉండవు. నీళ్లు మాత్రం ప్రజ్ఞాపూర్‌లో ఒకసారి, సిద్దిపేటలో ఒకసారి ఆగి తాగించాలి. డిక్కీలో కూర్చోబెట్టొద్దు, ఏసీ గాలి అక్కడి దాకా సరిగా రాదు. నోరు తెరిచి రొప్పనివ్వని బిగుతు చిక్కం అసలే వద్దు.

కోడికీ టికెట్

కారు లేనివాళ్ల సంగతి? ఆర్టీసీ బస్సులో పెంపుడు జంతువుల కథ ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రెండుసార్లు వార్తలకెక్కింది. 2022 ఫిబ్రవరిలో గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్తున్న బస్సులో ఒకాయన గుడ్డ కప్పి దాచిన పుంజు బయటపడింది. కండక్టర్ దానికి 30 రూపాయల టికెట్ కొట్టారు! బస్సులో అలాంటి జీవాలను ఎక్కించుకోవడం నిబంధనలకు విరుద్ధమని అధికారులు తర్వాత చెప్పారు. 2024 జనవరిలో వరంగల్ నుంచి వేములవాడ వెళ్లే బస్సులో మరో పుంజును ఎవరో మర్చిపోయారు. కరీంనగర్ డిపోలో దానికి బోనులో ఆతిథ్యం దొరికింది. వేలం వేస్తామనే సరికి 'అది నాదే' అంటూ యజమాని ముందుకొచ్చాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, కిక్కిరిసిన బస్సులో మే నెల మధ్యాహ్నం లాబ్రడార్‌తో ప్రయాణం ఎటూ కుదిరే పని కాదు.

రైలు సంగతీ అంతంతే. మొదటి తరగతిలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మన పేర బుక్ అయితేనే కుక్కను వెంట ఉంచుకోనిస్తారు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలో కుదరదు. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో ఎక్కించాలి. ఆ ఇనుప పెట్టెలో వేసవి పగటి ప్రయాణం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా సిరిసిల్లకు ఇంకా రైలే లేదు. పెద్దపల్లి - నిజామాబాద్ మార్గంలో జగిత్యాల, కోరుట్ల స్టేషన్లున్నా, అక్కడ తిరిగే ప్యాసింజర్ బండ్లలో మొదటి తరగతి ఏసీ ఎక్కడిది?

పిల్లి అయితే అసలు కదపకండి. దానికి మనుషుల కంటే ఇల్లే ముఖ్యం. పక్కింటివాళ్లు పూటకోసారి చూసి, తిండీ నీళ్లూ పెడితే చాలు. పంజరంలో రామచిలుకను తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడమే నేరం.

పెంకుటిల్లా... డాబానా?

ఇక అమ్మమ్మ ప్రశ్నకు వద్దాం. ఎత్తైన కప్పుతో పాత పెంకుటిల్లు ఉంటే టామీ అదృష్టవంతురాలు. మధ్య గదిలో బండల నేల మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. గల్ఫ్ డబ్బుతో జగిత్యాల, కోరుట్లల్లో లేచిన డాబాలు చూడ్డానికి బాగుంటాయి గానీ, పగలంతా కాగిన స్లాబ్ రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. పై అంతస్తు గది దానికివ్వకండి. కూలర్ పెడితే కిటికీ తెరిచే ఉంచాలి. మూసిన గదిలో కూలర్ తేమను నింపేస్తుంది, గాలిలో తేమ పెరిగితే కుక్క ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. కరెంటు పోతే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోండి.

సిరిసిల్లలో ఇంకో సంగతి ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. సాంచాలు నడిచే వీధిలో ఆ టకటకలు మనకు రెండు రోజుల్లో అలవాటైపోతాయి. మనకంటే ఎన్నో రెట్లు సున్నితమైన చెవులున్న కుక్క మాత్రం మొదటి రోజు మంచం కింద నుంచి బయటకు రాకపోవచ్చు. బలవంతంగా లాగకండి. వీధి వైపు కాకుండా పెరటి వైపు గదిలో చోటు చూడండి.

జగిత్యాలలో మామిడికాయల కాలం. పిల్లలు చీకి పారేసిన టెంకను మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఉల్లిగడ్డ వేసిన సర్వపిండి, కూరలు ఎంత ముద్దుగా అడిగినా పెట్టొద్దు. ఉల్లి కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుంది. పెరుగన్నం చాలు, అదీ పొద్దున్నే, మళ్లీ చల్లబడ్డాక. నక్షత్రం ఆకారంలో ఉండే జగిత్యాల ఖిలా వైపు షికారు తిప్పాలంటే సూర్యోదయానికి ముందే వెళ్లండి. రోడ్డు మీద అరచేతి వెనక భాగాన్ని ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. గొలుసు వదలొద్దు, వీధికుక్కలు కొత్తవాళ్లను ఊరికే రానివ్వవు. రేబిస్ టీకా గడువు చూసుకునే బయల్దేరాలి. పశువులున్న ఇల్లయితే గోమార్లు, పిడుదులు పట్టాయేమో రోజూ చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకాలి.

ఇంత చేసినా ఒక్కోసారి తప్పదు. ఆగకుండా రొప్పుతూ చొంగ కారుస్తుంటే, చిగుళ్లు ఎర్రబడితే, తూలితే, వాంతి చేసుకుంటే అది వడదెబ్బే అనుకోండి. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్లు పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఐసు నీళ్లలో ముంచొద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. లోపల కిడ్నీలు, కాలేయం దెబ్బతిన్న సంగతి మరునాటికి గానీ బయటపడదు.

ఈ విషయంలో ఆ వైపు వాళ్లకు ఒక అండ ఉంది. పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల కోరుట్లలోనే ఉంది. జగిత్యాల నుంచి కారులో అరగంట, ముప్పావుగంట దారి. సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా వెళ్లొచ్చు. అక్కడ పశువైద్యం ఏ వేళల్లో దొరుకుతుందో, దగ్గర్లో ఇంకెవరు డాక్టరున్నారో బయల్దేరే ముందే కనుక్కుని, ఆ నంబర్లను అమ్మమ్మ ఇంటి గోడ మీది క్యాలెండర్‌పై రాసి పెట్టండి.