మా యింటి మోటారుబండి చరిత్ర

విజయనగరమున మా పెరటి కొట్టములో నొక పాత మోటారుబండి యున్నది. మారిస్ ఎయిట్ అను జాతిది. మా తాతగారు 1936లో కొన్నారు. నాలుగు సిలిండర్లు, 918 సీసీల యంత్రము, బట్టకప్పు. బ్యాటరీ నీరసించినచో ముందువైపున ఇనుపపిడి దూర్చి త్రిప్పి లేపవలెను. దీనిని పాతబండ్ల ఊరేగింపునకు పంపుడని యొక సంఘమువారు మమ్ము కోరిరి. బండి చరిత్రను ఒక పుటలో వ్రాసి యిండని కాగితము కూడ పంపిరి. ఆ కాగితమే మమ్ము చిక్కున బెట్టినది.

ఇట్టి వేడుకలన్న మాకు వైముఖ్యము లేదు. ఇంగ్లండున నొకప్పుడు యంత్రపుబండికి ముందొక మనిషి నడువవలెననియు, వేగము గంటకు నాలుగు మైళ్లు మించరాదనియు చట్టముండెను. 1896లో ఆ సంకెల తెగి, పదునాలుగు మైళ్లకు అనుమతి కలిగెను. ఆ సంతోషమున నవంబరు 14వ తేదీన కొందరు లండనునుండి బ్రైటనుకు బండ్లు తోలుకొనిపోయిరి. దాని జ్ఞాపకార్థము 1927లో మొదలైన యాత్రలో 1905కు పూర్వపు బండ్లకే ప్రవేశము. మన దేశమున స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీయందు ఈ వేడుక నారంభించిరి.

అయితే అచ్చట విడుదల పొందినవాని పండుగ ఇచ్చట తరచుగా దొరతనపు పండుగ యగుచున్నది. హైదరాబాదు చౌమహల్లా భవనములో నిజాముగారి 1912 నాటి రోల్స్ రాయిస్ పసుపుపచ్చని బండి యున్నది. లోపల సింహాసనమును బోలిన పీఠము. అది నడచిన దూరము బహుస్వల్పము. ఊరేగుటకే పుట్టిన బండి మరల ఊరేగిన తప్పేమి? మాది అట్టిది కాదు, వకీలుగారి బండి.

ప్రభుత్వమువారు 2021లో ఏబదియేండ్లు దాటి, మార్పుచేర్పులు లేని బండ్లకు వేరు నమోదు ఏర్పరచిరి. క్రొత్తగా నమోదునకు 20,000 రూపాయలు, పదియేండ్లు చెల్లును. ఊరేగింపునకో ప్రదర్శనకో తీయవచ్చును గాని నిత్యము వాడరాదు. పరీక్షకులు వంగి చూచునది మేకులు, మరలు నాటివేనా యని. మా బండి వెనుక మెత్త ఏమాత్రమును అరుగలేదని సంఘపు యువకుడొకడు ఆశ్చర్యపడెను. మేము నవ్వి యూరకుంటిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1943లో మా మేనత్తగారి పెండ్లి. యుద్ధపురోజులు; పెట్రోలు కూపన్లపై దొరకెడిది, బస్సులు బొగ్గుగ్యాసుతో నడచుచుండెను. మా తాతగారు ఊరేగింపునకని రెండు డబ్బాల పెట్రోలు దాచిరి. పెండ్లి ఎల్లుండి యనగా అర్ధరాత్రి మా డ్రైవరు వచ్చి తలుపు తట్టెను. చెల్లెలికి కాన్పు కష్టమైనది, బిడ్డ అడ్డము తిరిగినది, మంత్రసాని చేతులెత్తినది, ఆసుపత్రికి చేర్పుడని కాళ్లు పట్టుకొనెను. తాతగారు సంస్కారప్రియులు, బాలికల పాఠశాలకు చందాలిచ్చినవారు. వారు తాళపుచెవికై లేచిరట కూడ. అంతలో లోపలినుండి ఒక మాట వచ్చెను: “పురిటి మైల తగిలిన మెత్తపై పెండ్లికూతురెట్లు కూర్చుండును?”

తాతగారు కూర్చుండిపోయిరి. ఎడ్లబండి కట్టించి, కూలి తామే యిచ్చిరి. ఆమె త్రోవలోనే పోయినది, బిడ్డయు దక్కలేదు. డ్రైవరు తెల్లవారి తాళపుచెవి అరుగుమీద నుంచి వెడలిపోయెను. జీతపు బాకీకైన మరల రాలేదు. పెండ్లి ఊరేగింపును పొరుగూరినుండి వచ్చిన వేరొకడు నడిపెను.

ఈ సంగతి మాకు చెప్పినది మా నాయనమ్మగారు, మా కళాశాల చదువు రోజులలో. “ఆ మాట ఎవరన్నారు?” అని మేమడిగితిమి. ఆమె చేతిలోని చిక్కుడుకాయల ఈనె తీయుట మానలేదు. “నేనేరా” అన్నది. పెండ్లి తరువాత ఆమె ఆ బండి యెక్కలేదు. ఆమె యెక్కనిది ఇంటి ఆడువారెవరును ఎక్కలేదు. మెత్త అరుగకుండుటకు కారణ మిది.

మేము మొదట వ్రాసిన పుటలో సిలిండర్లు, రంగు, కొన్న యేడు మాత్రమే యుండెను. దానిని చించి రెండవది వ్రాసి పంపితిమి. నాలుగు దినములకు యువకుడు ఫోను చేసి, పలకపై చోటు చాలదు, చివరి భాగము తగ్గింపవచ్చునా యని మర్యాదగా నడిగెను. యంత్రమును గూర్చిన వాక్యములు తగ్గించుకొనుడంటిమి. అడిగి చెప్పెదనని పెట్టెను. ఇంకను చెప్పలేదు, బండి కొట్టములోనే యున్నది.