జాకీ లేపడానికే... మొయ్యడానికి కాదు

పోయిన కనుమ రోజు నా కుడిచెయ్యి నుజ్జయిపోవాల్సింది. అవ్వలేదు. ఎందుకు అవ్వలేదో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు కారు సంగతి. హైదరాబాద్‌లో ఆరేళ్లు కోడ్ రాసి, ఈఎంఐల లెక్క పదిసార్లు వేసుకుని, సెకండ్‌హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే తలుపులు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టుంటుంది. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆగితే కాలేజీ పిల్లలు ఫొటోలు తీసుకుంటారు. అమలాపురం దగ్గర మా ఊరికి తీసుకొస్తే మాత్రం ఒక పెద్దాయన నడుం వంచి కిందకి చూసి, “ఏంటి బాబూ, స్ప్రింగులు దిగిపోయాయా?” అని జాలిగా అడిగారు.

నాన్నగారు ఏమీ అనలేదు. ఎక్కడానికి ఒకసారి, దిగడానికి రెండుసార్లు ప్రయత్నించారు. అంతే.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అమ్మ అదే మాట మూడుసార్లు చెప్పింది. మేం విన్లేదు. ఊరంతా ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వైపు వెళ్తుంటే, నేనూ నాన్నగారూ రాజోలు దగ్గర అత్తయ్య వాళ్లింటికి బయల్దేరాం. బోడసకుర్రు వంతెన దాటాం. తాటిపాక కూడా దాటాక మెయిన్ రోడ్డు వదిలి కాలవ గట్టు మీదకి తిప్పాను. అర కిలోమీటరు వెళ్లామో లేదో, తూము అంచు తగిలి ముందు ఎడమ టైరు పక్క గోడ చీరుకుపోయింది.

డిక్కీ తెరిచాను. సన్నటి స్పేర్ చక్రం ఉంది. స్పానర్ ఉంది. జాకీ లేదు. కొన్నప్పుడు అమ్మినాయన ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇంజిన్ సౌండ్ విన్నాను, సీట్ల లెదర్ తడిమాను, జాకీ ఉందా అని మాత్రం చూడలేదు. 

బావకి ఫోన్ చేస్తే పావుగంటలో బండి మీద వచ్చాడు, పక్కింటి కొబ్బరికాయల వ్యాన్‌లోంచి బాటిల్ జాకీ పట్టుకుని. మంచి జాకీయే. కాకపోతే జాకీ ఎత్తు దాదాపు జానెడు. గాలి పోయి చతికిలబడ్డ నా కారు కింద సందు బెత్తెడు!

ఇక్కడే నా ఇంజినీరింగ్ బుర్ర పనిచేసింది. కారు పైకి లేవకపోతే జాకీనే కిందకి దించుదాం అన్నాను. బావ పక్క చేలోంచి పార తెచ్చాడు. గట్టు అంచున చిన్న గొయ్యి తవ్వి, అందులో జాకీ పెట్టి, కొట్టడం మొదలుపెట్టాం. కారు లేచింది. ఇద్దరం నవ్వుకున్నాం.

నాన్నగారు మాత్రం నవ్వలేదు. కారు కాస్త లేవగానే స్పేర్ చక్రాన్ని దొర్లించుకుంటూ తెచ్చి, తలుపు కింద అంచుకి సరిగ్గా కిందగా పడుకోబెట్టి లోపలికి తోశారు.

“నాన్నగారూ, మనం బిగించాల్సింది అదేనండీ. కింద పెడితే ఎలా?” అన్నాను, కొంచెం విసుగ్గానే.

“ముందు ఆ పాత చక్రం ఊడదియ్యి. దీని సంగతి తరవాత చూద్దాం.”

పాత చక్రం ఊడదీశాను. ఒక నట్టు చేతిలోంచి జారి కారు కిందకి దొర్లింది. పడుకుని భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాను. నట్టు వేళ్లకి తగిలింది. అదే క్షణంలో మట్టిలో ఏదో మెత్తగా దిగిన చప్పుడు. జాకీ ఒక పక్కకి ఒరిగింది. కారు ధడేల్‌మని కిందకి వచ్చింది.

వచ్చి, నాన్నగారు పెట్టిన చక్రం మీద ఆగింది.

ఆ చక్రం వెడల్పు అయిదంగుళాలు. నా చెయ్యి ఆ అయిదంగుళాల సందులో ఉంది. బయటికి లాక్కున్నాను. మోచేతి దగ్గర చిన్న గీత, అంతే. బావ మొహంలో రక్తం లేదు. నట్టు మాత్రం ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.

నాన్నగారు కాసేపు కాలవ వైపు చూస్తూ నిలబడ్డారు. తరవాత నెమ్మదిగా అన్నారు: “జాకీ లేపడానికేరా. మొయ్యడానికి కాదు.”

పక్కింట్లో నేర్చుకున్న పాఠం

ఆయనకి డ్రైవింగ్ రాదు. మరి ఈ మాట ఎక్కడిది? తిరుగు ప్రయాణంలో అడిగాను. మా పక్కింటి నుంచట.

మా వైపు వాళ్లకి తెలిసే ఉంటుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే పాత ఇళ్లు పల్లంలో పడిపోతాయి. వానొస్తే వీధి నీళ్లన్నీ హాల్లోకే. పడగొట్టి కట్టే స్తోమత లేనివాళ్లు ఇంటిని జాకీలతో లేపిస్తారు. మా పక్కింటినీ అలాగే మూడడుగులు లేపారు. గోడల కింద వరసగా జాకీలు పెట్టి, ఒకడు కేకేస్తే అందరూ ఒకేసారి ఒక్కో తిప్పు తిప్పేవారు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను, వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. నాన్నగారు రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని చూశారు.

ఆయన చూసింది, నేను చూడనిది ఒకటుంది. ఇల్లు ఎంత లేస్తే అంత మేరకు కింద కట్టుబడి కట్టుకుంటూ వచ్చారట. చివరికి జాకీలన్నీ తీసేశారు. ఇప్పుడు ఆ ఇంటిని మోస్తున్నది కట్టుబడే.

ఆ రోజు గట్టు మీద కూడా రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాం. గొయ్యి వెడల్పు చేసి, అడుగున తాటిపట్టె ముక్క పరిచి, దాని మీద జాకీ పెట్టాం. తలుపు కింద చెక్క దిమ్మెలు పేర్చాకే స్పేర్ చక్రాన్ని బయటికి తీశాం.

హైదరాబాద్ వచ్చాక లెక్క వేశాను. నా కారు బరువు సుమారు 1,400 కిలోలు. ఒక మూల లేపితే జాకీ మీద పడేది 450 కిలోలు అనుకుందాం. జాకీ అడుగు 10 సెంటీమీటర్లకి 10 సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మట్టి మీద నాలుగున్నర కిలోలు! అదే జాకీ కింద 30కి 30 సెంటీమీటర్ల మందపాటి పట్టె వేస్తే ఆ భారం అర కిలోకి పడిపోతుంది. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి వరికీ కొబ్బరికీ బంగారమే. జాకీకి మాత్రం పెరుగన్నం లాంటిది.

కొనేముందు, లేపేముందు

మీ కారు కూడా కిందకి ఉండేదైతే, జాకీ కొనేటప్పుడు అందరూ చూసే ‘ఎన్ని టన్నులు’ అన్న అంకె దగ్గరే ఆగిపోకండి. చిన్న కార్లకి 2 టన్నులది సరిపోతుంది. ముందు చూడాల్సింది, జాకీ పూర్తిగా దించినప్పుడు దాని ఎత్తెంత అని. మామూలు ట్రాలీ జాకీలు 130, 140 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతాయి. లో ప్రొఫైల్ అని అమ్మేవి 75 నుంచి 100 లోపు ఉంటాయి. టేపు తీసుకుని మీ కారు కింద కొలవండి. టైర్లో గాలి ఉన్నప్పుడు కాదు, పోయాక ఎంత ఉంటుందో ఆలోచించి కొలవండి. తరవాత ఎంత ఎత్తుకి లేపుతుందో కూడా చూడండి. లోపలికి దూరి, చక్రం నేల వదిలేలోపే ఆగిపోయే జాకీతో ఉపయోగం లేదు. ఇప్పుడు చాలా స్పోర్ట్స్ కార్లకి స్పేర్, జాకీ రెండూ ఇవ్వడం లేదు. జిగురు సీసా, గాలి పంపు ఇస్తున్నారు. ఆ జిగురు చిన్న మేకు రంధ్రానికి పనికొస్తుంది, నా టైరులా పక్క గోడ చీరితే కాదు.

ఎక్కడ పెట్టాలన్నది కారు పుస్తకంలోనే ఉంటుంది. తలుపు కింద అంచులో చిన్న గుర్తులుంటాయి, అవే జాకీ పాయింట్లు. ప్లాస్టిక్ స్కర్ట్ కింద పెడితే అది పగులుతుంది. ఆయిల్ సంప్ కింద పెడితే జేబుకి చిల్లు. అంచు నలగకుండా మధ్యలో గాడి ఉన్న రబ్బరు ముక్క దొరుకుతుంది, చవకే.

ట్రాలీ జాకీ గురించి నాకు అప్పటిదాకా తెలియని విషయం ఇంకొకటి. దాని చెయ్యి నిటారుగా లేవదు, గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది. అందుకే కారు లేస్తున్నకొద్దీ జాకీ తన చిన్న చక్రాల మీద కొంచెం ముందుకి జరగాలి. మట్టిలో ఆ చక్రాలు కూరుకుపోతే జాకీ జరగదు, కారునే పక్కకి లాగుతుంది. కాబట్టి ట్రాలీ జాకీకి గట్టి, సమమైన నేల ఉండాల్సిందే. గట్టు మీద టైరు పోతే, టైరు మీద ఆశ వదులుకుని నత్తనడకన గట్టి నేల దాకా వెళ్లడమే మేలు. అదీ కుదరకపోతే సాయానికి ఫోన్ చెయ్యడం పరువు తక్కువేం కాదు.

లేపేముందు ఇంజిన్ ఆపి, గేర్లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి. లేపే మూలకి ఎదురుమూల చక్రానికి రెండు పక్కలా అడ్డు పెట్టండి. నట్లు చక్రం నేల మీద ఉండగానే అర తిప్పు వదులు చేసుకోండి, లేపాక స్పానర్ మీద బలం చూపిస్తే కారే కదులుతుంది. కారు లేచాక జాక్ స్టాండ్‌లు పెట్టి, బరువు వాటి మీదకి దించి, ఒకసారి కారును ఊపి చూడండి. రోడ్డు మీద స్టాండ్ లేకపోతే కనీసం స్పేర్ చక్రాన్ని కింద తోయండి. అది టైరు మార్చేంతసేపు రక్షణే, కిందకి దూరడానికి అనుమతి కాదు. విడి ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి. జాకీ ఎంత ఖరీదైనదైనా లోపల ఉన్నది నూనె, దాన్ని ఆపుతున్నది ఒక రబ్బరు సీలు. అది ఎప్పుడు వదిలేస్తుందో ముందుగా మెసేజ్ పెట్టదు.

ఇప్పుడు నా డిక్కీలో లో ప్రొఫైల్ జాకీ, రెండు స్టాండ్‌లు ఉన్నాయి. పట్టె కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నానని చెబితే నాన్నగారు అదోలా చూశారు. మర్నాడు పొద్దున లేచేసరికి పెరట్లో రంపం చప్పుడు. తాటిపట్టెని కొలిచి రెండు ముక్కలు కోసి, అంచులు నున్నగా చేసి, వాటిని తనే డిక్కీలో సర్దారు. వాటితో పాటు సన్నటి వెదురు కర్ర కూడా ఒకటి పెట్టారు.

“ఇదెందుకండీ?” అన్నాను.

“ఈసారి నట్టు దొర్లితే దీంతో లాగు” అని, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోయారు.