స్టేడియం చూపిస్తానని తీసుకెళ్లా

రీల్‌లో అది చాలా పెద్దగా కనిపించింది.

డ్రోన్ షాట్, వెనక మ్యూజిక్, నాలుగు వైపులా మెట్లు, మధ్యలో ఖాళీ స్థలం. 'మన తెలుగువాళ్ల రోమన్ స్టేడియం' అని క్యాప్షన్. నాగార్జునసాగర్ దాటితే అనుపు అనే ఊళ్లో ఉందట. ఇక్ష్వాకుల కాలంది, అంటే దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందటిదట. అప్పటికే పదిసార్లు చూశా. సంక్రాంతికి మహబూబ్‌నగర్ పక్కన మా ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లో చెప్పేశా: "పండగ మర్నాడు అందరం సాగర్ పోదాం. కారు నేనే తోలుతా."

మా ఇంట్లో ఏ ప్రయాణానికైనా నేనే ప్రాజెక్ట్ మేనేజర్‌ని. ఎక్సెల్ షీట్ వేశా. స్టేడియానికి రెండు గంటలు, ఎత్తిపోతలకి గంట, డ్యామ్‌కి ఇరవై నిమిషాలు. డ్యామ్‌ని చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో చూశాం కదా, మళ్లీ ఏముంటుంది అనుకున్నా.

అవ్వ ఒక్కటే అడిగింది. "కట్ట మీద నడవనిస్తరారా?"

"చూద్దాంలే అవ్వా" అన్నా. చూడలేదు. కనీసం గూగుల్ కూడా చేయలేదు.

జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి. దారి పొడవునా పత్తి చేన్లు, గుట్టలు, టీ కోసం రెండు బ్రేకులు. చెల్లెకి వాంతులు, నాయినకి నా డ్రైవింగ్ మీద కామెంట్లు. సాగర్ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. డ్యామ్ కింద కృష్ణ మీదున్న బ్రిడ్జి ఎక్కగానే ఎడమ పక్కో కుడి పక్కో చూసుకునేలోపే గేట్లన్నీ వరసగా కనిపించాయి. ఇరవై ఆరు గేట్లు.

వెనక సీట్లోంచి అవ్వ నా భుజం తట్టింది. "ఆపు బిడ్డా, ఆపు."

"వచ్చేటప్పుడు ఆపుతా అవ్వా. ముందు స్టేడియం. మళ్లీ లేటవుతది."

అవ్వ చెయ్యి తీసేసింది.

అనుపులో దిగి నాలుగడుగులు వేశాం. చెల్లె ఆగిపోయింది. "అన్నా, గింతేనా? మా కాలేజీ గ్రౌండ్ దీనికంటే పెద్దగుంటది."

నిజమే. నా మనసులో ఉన్నది ఉప్పల్ స్టేడియం. కళ్ల ముందున్నది పెద్ద కోనేరులాంటిది, నీళ్లు లేకుండా. చుట్టూ మెట్లు, మధ్యలో చదరపు జాగా. మొత్తం తిరిగి రావడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఇక్కడ మాట్లాడితే పై మెట్టు దాకా వినిపిస్తుందని రీల్‌లో చెప్పారు కదా అని మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టా. వినిపించింది. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. నాయిన వాచీ చూసుకున్నాడు. "గీ మెట్లు సూపెట్టనీకె గింత దూరం తోల్కొస్తివా?"

పరువు కాపాడుకోవాలి కదా. ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టా. ఇక్కడ ఆటలు, కుస్తీలు, నాటకాలు జరిగి ఉంటాయని అంటారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు అక్కడ ఏలిన రాజులు. కానీ ఆ విజయపురి ఇది కాదు. అసలు ఊరు నాగార్జునకొండ లోయలో ఉండేది. అక్కడ డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖవాళ్లు లోయంతా తవ్వారు. దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య ద్వీపం. కొన్నిటిని ఇక్కడ, అనుపులో మళ్లీ కట్టారు. ఈ స్టేడియం కూడా అలా మళ్లీ కట్టిందే. అసలు చోటు నీళ్ల అడుగున ఉంది.

"అంటే ఇది ఒరిజినల్ కూడా కాదా?" అంది చెల్లె. నా ట్రిప్ అక్కడితో పూర్తిగా ఫ్లాప్.

అవ్వ అప్పటిదాకా కింది మెట్టు మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటోంది. "మల్ల సదువు" అంది.

మళ్లీ చదివా.

"అయితే దీన్ని ముంచింది మేమేనా?"

మాకు అర్థం కాలేదు. నాయిన మాత్రం తల దించుకున్నాడు.

తాత సాగర్ పనికి పోయాడని నాకు తెలుసు. పాలమూరు లేబర్ అంటే మా వైపు ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా మట్టి మోసింది మనవాళ్లే అని గొప్పగా చెప్పుకుంటాం. కానీ అవ్వ కూడా పోయిందని నాకు ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పెళ్లయిన ఏడాదికే పోయిందట. రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యామ్ అది. మగవాళ్లు రాళ్లు మోస్తే, ఆడవాళ్లు మాలు తట్టలు మోసేవాళ్లట. "నెత్తి మీద సుట్టబట్ట, దాని మీద తట్ట. కర్రల బాట మీద వరసగా ఎక్కుడే. కిందికి సూస్తే కండ్లు తిరుగుతుండె. అందుకే ముందున్నదాని కాళ్లే సూస్తుంటి." మా పెద్దనాయిన అక్కడి గుడిసెల్లోనే పుట్టాడట.

నెహ్రూ పునాది రాయి వేసింది 1955 డిసెంబర్‌లో. కాలువల్లోకి నీళ్లు వదిలింది 1967లో. ఎడమ కాలువ నల్లగొండ మీదుగా ఖమ్మం వైపు పోయింది, కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు. మా పాలమూరుకి చుక్క రాలేదు. ఈ లెక్కలు నేను ఫోన్లో చూసి చెబితే అవ్వ నవ్వింది. "నీళ్లు మాకొస్తయని ఎవలు జెప్పిన్రు? మాకు కూలి ఇస్తమన్నరు, ఇచ్చిన్రు."

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ కుళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లు. అవి వచ్చేది ఈ సాగర్ నుంచే. నెలకి రెండుసార్లు నీళ్లు రాకపోతే అపార్ట్‌మెంట్ గ్రూపులో కోపంగా మెసేజ్ పెట్టేది నేనే. ఆ మాట అవ్వకి చెప్పలేకపోయా.

వెళ్లేముందు అవ్వ ఇంకో ప్రశ్న అడిగింది. "రాజుల పేర్లు తెలిసినయి. గీ మెట్లు కట్టినోళ్ల పేర్లు ఏమన్న దొరికినయా?"

"లేదవ్వా."

"దొరకవు లే" అని చెయ్యి చాపింది, లేపమని.

ఎత్తిపోతల వద్దనుకుని వెనక్కి తిరిగాం. ఎంత తొందరగా తోలినా జనవరి పొద్దు నా కోసం ఆగదు కదా. బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. డ్యామ్ మీదికి మామూలు జనాన్ని వదలరని అక్కడ టీ కొట్టాయన చెప్పాడు. మధ్యాహ్నమే ఆపి ఉంటే కనీసం వెలుతుర్లో చూసేది.

కారు పక్కకి ఆపి అవ్వని దింపా. నల్లటి గోడ, అక్కడక్కడ లైట్లు. కొంగు నెత్తి మీదికి లాక్కుని చాలాసేపు చూసింది. నేను "సారీ అవ్వా" అన్నా. వినిపించిందో లేదో. "ఏ రాయి మనదో ఎట్ల ఎర్కయితది?" అంది నాయినతో. నాయిన ఏం మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మా నాయిన అలా అవ్వ చెయ్యి పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో నాయిన కారు తోలాడు. నేను వెనక అవ్వ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డర్ ఆన్ చేశా. ఎవరెవరు పోయారు, ఏ ఊళ్లవాళ్లు, ఎవరు తిరిగి రాలేదు, అన్నీ అడిగా. కొన్ని పేర్లు గుర్తొచ్చాయి, కొన్ని రాలేదు. కల్వకుర్తి దాటాక నిద్రపోయింది.

స్టేడియం రీల్ ఎడిట్ చేయలేదు. ఆ ఆడియో మాత్రం ఉంది. నలభై ఒక్క నిమిషాలు. సగం లారీల హారన్లే. అయినా మధ్యలో పదకొండు మంది పేర్లు స్పష్టంగా వినిపిస్తాయి.