మౌసు పక్కన పెట్టండి, చెబుతాను

మన తగరపువలసలో ఏ ఇంజనీరింగు కుర్రాణ్ణి కదిపినా "టెస్టింగ్ నేర్చుకోవాలంటే హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లాలండీ" అంటాడు. వెళ్లనీయండి, ఎవరు వద్దన్నారు? కానీ టెస్టింగులో ఒక రకం ఉంది, దానికి గోస్తని వంతెన కూడా దాటక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ ఒకటి, ఇయర్‌ఫోన్లు, కాస్త ఓపిక ఉంటే చాలు. చూపు లేనివాళ్లూ, వినపడనివాళ్లూ, చెయ్యి వణికేవాళ్లూ ఒక వెబ్‌సైటులో తమ పని తాము చేసుకోగలరా లేదా అని చూడటమే ఆ పని. ఆఫీసుల్లో దాన్ని యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటారు.

మొదట మౌసు తీసి పక్కన పెట్టండి. టచ్‌ప్యాడ్ జోలికీ పోవద్దు. ఏదైనా బిల్లు కట్టే సైటు తెరిచి ట్యాబ్ కీ నొక్కుతూ పోండి. నొక్కిన ప్రతిసారీ ఒక లింకు మీదకో, ఒక గడిలోకో వెళ్లాలి. వెళ్లినచోట చుట్టూ ఒక గీత కనబడాలి. ఆ గీత అందంగా లేదని డిజైనర్లు తీసిపారేస్తుంటారు. ఇక మనం ఎక్కడున్నామో మనకే తెలీదు. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టే. కొన్నిచోట్ల ఏదో ప్రకటన పెట్టె మీదపడుతుంది, ఎస్కేప్ నొక్కినా పోదు, ట్యాబ్ కొట్టినా అందులోనే తిరుగుతుంటాం. ఈ లోపం కనిపెట్టడానికి ఏ సర్టిఫికెట్టు కావాలి చెప్పండి?

ఇప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వీడీఏ అని ఒకటుంది. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు స్నేహితులు 2006లో మొదలుపెట్టారు. అప్పట్లో అలాంటివి కొనాలంటే మామూలువాళ్లకి అందే ధర కాదు. వీళ్లు ఊరికే ఇచ్చేశారు, ఇవాళ్టికీ ఊరికే దొరుకుతోంది. విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో దింపుకోండి. హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి దూకుతుంది. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలో ఉన్న లింకులన్నీ వరసగా జాబితా కడుతుంది. ఏ కాలేజీ నోటీసుల పేజీ మీదో ఈ పని చేసి చూడండి: "ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి." ఏది హాల్ టికెట్టు, ఏది ఫీజు రసీదు? కళ్లున్న మనం పక్కనున్న ముక్క చూసి పోల్చుకుంటాం.

దరఖాస్తు ఫారాల దగ్గర ఇంకా తమాషా. గడిలోకి వెళ్లగానే "ఎడిట్, బ్లాంక్" అంటుంది. అంతే! పేరు రాయాలా, ఆధార్ నంబరు కొట్టాలా? తెర మీద గడి పైన 'పేరు' అని చక్కగానే ఉంటుంది. కానీ ఆ మాటకీ ఈ గడికీ లోపల ముడి వెయ్యలేదు. కోడులో ఒక్క లైను పని.

"ఈ లోపాలు వెతికిపెట్టే టూల్స్ ఉన్నాయి కదా" అంటారు మీరు. ఉన్నాయి. వేవ్, యాక్స్ రెండూ మంచివే. వేవ్ తయారుచేసిన వెబ్‌ఎయిమ్ వాళ్లు 2019 నుంచి ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలు గాలిస్తున్నారు. నూటికి తొంభైకి పైగా సైట్లలో లోపాలు బయటపడుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది తెల్లటి నేల మీద వెలిసిపోయిన బూడిదరంగు అక్షరాలు. మామూలు సైజు అక్షరానికీ నేలకీ వెలుగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ప్రమాణం. ఇలాంటివి టూలు ఇట్టే పట్టేస్తుంది. కానీ ఫీజుల పట్టికని బొమ్మగా పెట్టి, దాని వివరణలో 'స్వాగతం' అని రాశారనుకోండి, వివరణ ఉంది కాబట్టి టూలు సంతోషంగా టిక్కు కొడుతుంది. అందుకే టూలు రిపోర్టు ఒక్కటే పంపి చేతులు దులుపుకునేవాణ్ణి నేను టెస్టర్ అనను.

మన తెలుగు పేజీల గొడవ వేరే. ఇంగ్లీషు టెంప్లేటు తెచ్చి తెలుగు వార్తలు పోస్తారు, పేజీ భాష మాత్రం 'ఇంగ్లీషు' అనే ఉండిపోతుంది. దాంతో చదివే గొంతు ఇంగ్లీషుదే వస్తుంది. కొన్ని గొంతులు తెలుగుని మింగేసి, మధ్యలో ఉన్న అంకెలు మాత్రం చదువుతాయి. అంతకన్నా ఘోరం అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్‌లు. కంటికి ముత్యాల్లాంటి తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. నమ్మకపోతే ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి, ఎలా ఉంటుందో తెలుస్తుంది. చూపు లేనివాళ్లకి చెవిలో వినబడేది అదే.

ఇదంతా దయాదాక్షిణ్యాల వ్యవహారం అనుకునేరు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. దాని కింద 2017లో చేసిన రూల్స్‌లో 15వది మటుకు, యాక్సెసిబిలిటీ ప్రమాణాలని తప్పనిసరి చెయ్యకుండా సలహాల స్థాయిలో వదిలేసింది. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ రూలుని కొట్టేసింది. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. తర్వాత 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు. బ్యాంకు కేవైసీ కోసం ఫోను ముందు కళ్లు ఆర్పమంటారు కదా, యాసిడ్ దాడిలో కళ్లు పోయినవాళ్లు ఎలా ఆర్పుతారు? వాళ్లే కోర్టుకెళ్లారు. ఇంటర్నెట్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. ఇక ఈ పని తెలిసినవాళ్ల అవసరం పడకుండా ఉంటుందా?

పద్ధతిగా నేర్చుకుంటానంటే ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ల పరిచయ కోర్సు ఉంది, అమెరికా ప్రభుత్వం నడిపే ట్రస్టెడ్ టెస్టర్ శిక్షణ ఉంది. రెండూ డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. రెండోది మరీ చాదస్తంగా ఉంటుంది, ఆ చాదస్తమే పనికొస్తుంది.

చివరిగా ఒకటి. మనం ఎంత కళ్లు మూసుకుని పరీక్షించినా, రోజూ ఎన్‌వీడీఏతోనే బతికేవాళ్ల వేగం మనకి రాదు. ఆ గొంతుని వాళ్లు పరిగెత్తిస్తారు, మనకి ఒక్క ముక్క అర్థం కాదు. అలాంటివాళ్లని తప్పకుండా పిలిచి చేయించండి. కాకపోతే టీ ఇచ్చి, శాలువా కప్పి పంపడం కాదు, మిగతా టెస్టర్లకి ఇచ్చే రేటే ఇవ్వండి.