బట్టమేక కోసం

గత సంవత్సరం మా తెలుగు తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి తన ఫోనులో ఒక చలనచిత్రాన్ని నాకు చూపించినాడు. ఆఫ్రికా ఖండంలోని ఉగాండా దేశంలో బ్విండి అనే వర్షారణ్యం కలదు. 1991లో జాతీయ ఉద్యానవనమైన ఆ అడవిలో మూడు వందలకు పైబడిన పక్షిజాతులున్నవి. అక్కడ ఆకుపచ్చని చిన్న పిట్ట నొకదానిని ఒక్క క్షణం చూడడానికై దేశదేశాల నుండి వచ్చినవారు, తడిసిన బురదలో, పెదవి కదపకుండా గంటల తరబడి నిలబడి ఉన్నారు. చిత్రం ముగిసినది. ఆ విద్యార్థి నిట్టూర్చి, "మన ఆదోనిలో చూడడానికి ఏముంది సార్? కొండా, ఎండా, పత్తీ తప్ప!" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వినారు. నేనూ నవ్వినాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకు సమాధానం ఒకప్పుడు మా ఇంటిలోనే ఉండేది. దానిని చెప్పవలసిన మనిషి ఇప్పుడు లేరు.

మా దాదా ఎమ్మిగనూరులో మగ్గం నేసి బ్రతికినవారు. వయసులో ఉన్నప్పుడు, మగ్గానికి పని లేని దినాలలో, బంధువొకరి నాటు తుపాకీ వెంట తుంగభద్ర వైపు నల్లరేగడి చేలలోనికి వేటకు పోయేవారట. కౌజులూ, కుందేళ్ళూ ఎన్నో కొట్టినారు. అయితే ఆయన ఘనంగా చెప్పుకొన్నది మాత్రం ఒక్క బట్టమేక పిట్టను గురించే. "మనిషి నడుము దాటే పిట్ట బేటా! కోసిన జొన్నచేలో మొదళ్ళ నడుమ, పెద్దమనిషి షేర్వాణీ తొడుక్కొని షికారుకు బయలుదేరినట్లు నడిచేది" అనేవారు. ఒక్క పిట్ట మాంసం నాలుగిళ్ళకు సరిపోయేదట. పండుగనాటి వంటల కథ విన్నట్లు మేము పిల్లలమందరమూ నోరూరుతూ ఆ కథను వినేవాళ్ళము. మాలో ఎవ్వరమూ ఆ పిట్టను చూడలేదు. చూడలేదన్న సంగతైనా మాకు తోచలేదు.

తరువాత అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో, గ్రంథాలయంలో వేరొక పుస్తకం వెదకుచుండగా సలీం అలీ గారి ఆత్మకథ చేతికి దొరికినది. 1985లో వెలువడిన ఆ గ్రంథం పేరు 'ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో'. 1896లో బొంబాయిలో జన్మించిన ఆయన చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగినారు. గాలితుపాకీతో పిచ్చుకలను కొట్టడమే ఆ బాలుని వేడుక. ఒకనాడు పడిన పిచ్చుక మెడ క్రింద పసుపుపచ్చని మచ్చ కనబడినది. ఇది తినదగినదా, కాదా అన్న సందేహం కలిగి మేనమామకు చూపించినాడు. ఆయనకూ తెలియక బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపినారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డు దొర ఆ పిట్ట పేరు చెప్పి, అరల నిండా దాచిన పక్షులను తెరచి చూపించినాడు. ఆ దినమే ఆయన జీవితం మలుపు తిరిగినది. 1931, 32 సంవత్సరాలలో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షులను పరిశీలించినవారు, 1941లో భారతదేశపు పక్షులను సామాన్యునికి పరిచయం చేసే గ్రంథం వ్రాసినవారు ఆయనే. తుపాకీ పట్టిన చేతికి కలం వచ్చినది ఒక్క ప్రశ్న వలన: దీని పేరేమి?

ఆ అలమరలోని పుస్తకాలలోనే మా దాదా చెప్పిన బట్టమేకను మొదటిసారి బొమ్మలో చూసినాను. తెల్లని మెడ, నల్లని టోపీ, గోధుమవన్నె రెక్కలు. ఎత్తు సుమారు ఒక మీటరు. మగపిట్ట పదిహేను కిలోల వరకు తూగుతుంది. ప్రపంచంలో ఎగరగలిగిన పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో ఇది ఒకటి. గూడు కట్టదు. బయలు నేల మీద సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెట్టి, ఆడది ఒంటరిగా పొదుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చినది. ఈ పిట్టకై మన కర్నూలు జిల్లాలోనే, నందికొట్కూరు ప్రాంతపు రోళ్ళపాడులో, 1988లో ఒక అభయారణ్యం ఏర్పడినదని చదివి ఆశ్చర్యపోయినాను. (2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ ఊరు నంద్యాల జిల్లాలో చేరినది.) మన జిల్లా పేరు పక్షిశాస్త్రజ్ఞుల పుస్తకాలలో ఉన్నది. మనకే తెలియదు!

సెలవులకు ఇంటికి వచ్చి దాదాను అడిగినాను: "మీరు మొత్తం ఎన్ని బట్టమేకలను కొట్టినారు?" ఆ ప్రశ్నలో నిందవేసే ధోరణి ఉన్నదని నేటికి తెలిసినది. ఆయన నా వంక చూసి, మారు పలుకక, తస్బీహ్ తీసుకొని లోపలికి వెళ్ళిపోయినారు. ఆ తరువాత ఆయన వేట కథలు చెప్పడం మానివేసినారు.

రెండేండ్లు గడచినవి. 2014 జనవరిలో ఒకనాడు ఆయనే నన్ను పిలిచి, "నీ పుస్తకంలో ఉన్న ఆ ఊరికి నన్ను తీసుకొని పో" అన్నారు. అప్పటికి ఆయనకు ఎనుబదేండ్లు. ఎమ్మిగనూరులో తెల్లవారుజామున బస్సెక్కి కర్నూలు చేరి, అక్కడి నుండి నందికొట్కూరు, తరువాత ఆటో. రోళ్ళపాడు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైనది. అడవి అనగానే చెట్లను ఊహించుకొనేవారికి అక్కడ ఏమీ కనబడదు. మోకాలెత్తు ఎండుగడ్డి, దానిపై గాలి, ఆపైన ఆకాశం. దూరాన జింకలు గుంపుగా మేయుచున్నవి. కాపలాదారు మా వెంట నడిచినాడు. దాదా చేతికర్ర ఆనించి, ప్రతి నాలుగడుగులకూ ఆగి, నుదుటిపై అరచెయ్యి పెట్టుకొని చూసినారు. పిట్ట లేదు. "ఈ ఏడు నా కంట పడలేదు తాతా" అన్నాడు కాపలాదారు. "గడ్డి ఉంది, నేల ఉంది, మరి అదెక్కడ?" అన్నారు దాదా, పోయిన మనిషిని గురించి అడిగినట్లు.

తిరిగి పోదామంటే ఆయన లేవలేదు. ప్రొద్దు వాలినది. అప్పుడు పడమటి నుండి సన్నని రెక్కల గద్దలు ఒక్కటొక్కటిగా వచ్చి, గడ్డి మీద తేలి, మెల్లగా నేలకు దిగసాగినవి. చూస్తూండగానే పదులైనవి. అవి పిల్లిగద్దలని, మధ్య ఆసియా వంటి చలిదేశాల నుండి చలికాలానికి వచ్చి, చేలలో మిడతలను తిని, రాత్రికి ఈ గడ్డిలో నేల మీదనే నిద్రిస్తాయని కాపలాదారు చెప్పినాడు. దాదా ఆ పేరును రెండుసార్లు పలికి, నా వైపు తిరిగి, "లిఖ్ లే బేటా" అన్నారు. నా జేబులోని చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాసుకొన్నాను.

కర్నూలు బస్టాండులో, అర్ధరాత్రి వేళ, నేను అడగకుండానే ఆయన సమాధానం చెప్పినారు. "మూడు. మూడవది గుడ్డు మీద కూర్చొని ఉండింది. మేము అంత దగ్గరకు పోయినా లేవలేదు. మా అదృష్టం అనుకొన్నాము." ఆ పైన ఇంటికి చేరేవరకు ఆయన మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకొన్నారు.

మా దాదా వంటివారి తుపాకులే ఆ జాతిని తుడిచిపెట్టినవని చెప్పి ఊరకుంటే అది పూర్తి సత్యం కాదు. బీడు భూములు సేద్యానికి వచ్చినవి. జొన్నలు, పప్పుధాన్యాలు పండిన చోటికి కాలువ నీటితో వేరే పంటలు వచ్చినవి. పురుగుమందులు మిడతలను చంపినవి. కుక్కలు గుడ్లను తిన్నవి. ఈ పక్షికి ఎదుటి చూపు తక్కువ. అందువలన అడ్డంగా వచ్చిన విద్యుత్తు తీగలను చివరిదాకా గుర్తించలేక తగిలి చనిపోతుంది. నేడు దేశం మొత్తంమీద మిగిలినవి రెండు వందల లోపే. అందులో అధిక భాగం రాజస్థాన్ ఎడారిలోనివి. 2019 నుండి అక్కడి జైసల్మేరులో గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే ప్రయత్నం జరుగుచున్నది. మన రోళ్ళపాడులో మాత్రం జింకలు పెరిగినవి, బట్టమేక అరుదై జాడ లేకుండా పోయినది. ఈ కారణాలలో చాలా వాటికి దుర్మార్గుడంటూ ఎవడూ లేడు. ప్రతివాడూ తన కడుపు కోసం తన పని చేసుకొన్నాడు. నష్టం జరుగుచున్నదని లెక్క వ్రాసిన వాడు మాత్రం మన ఊళ్ళలో ఒక్కడూ లేకపోయినాడు.

కనుక విద్యార్థి మిత్రులారా, ఆనాటి ప్రశ్నకు నా సమాధానమిది. ఆదోనిలో బ్విండి అడవి లేదు. కాని మన పొరుగున కర్ణాటకలోని సిరుగుప్ప తాలూకా నల్లరేగడి చేలలో, ఈ శతాబ్దంలో సైతం ఒకటి రెండు బట్టమేకలను చూసినవారున్నారు. హొళగుంద, కౌతాళం పల్లెల నుండి వచ్చి మన కళాశాలలో చదువుతున్నవారికి ఆ చేలు ఎంతో దూరం కాదు. పిట్టలకు జిల్లా ఎల్లలు తెలియవు. మీ ఇళ్ళలోని దాదాలను, నానాలను, తాతలను అడగండి. ఏ చేలో, ఏ కార్తెలో, ఏ పిట్టను చూసినారో వ్రాసుకొనండి. అయితే నేను అడిగినట్లు అడగవద్దు. ప్రేమతో అడగండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక చిన్న విన్నపం. గ్రంథాలయానికి పక్షులను గుర్తించే పుస్తకమొకటి, రెండు దుర్భిణీలు కొని ఇప్పించండి. ఖర్చు స్వల్పం. నా నోటుపుస్తకంలో మా దాదా వ్రాయించిన పేరు మొదటి పుటలో ఉన్నది. మిగిలిన పుటలు చాలా వరకు ఖాళీ. వాటిని నింపడానికి నా ఒక్కని కళ్ళు చాలవు.