కాటా చెప్పిన మాట... ఆఫీసుకు చేరేదెలా?

గేటు దగ్గర కాటా మీద కనిపించిన అంకె, ఎక్కడో లోపలున్న ఆఫీసు కంప్యూటరులోకి అలాగే చేరాలి. కేకలూ ఫోన్లూ చీటీలూ లేకుండా ఆ పని చేసిపెట్టేవి రెండు చిన్న డబ్బాలు, తాడులా పేనిన రెండు తీగలు!

చెరకు సీజను వచ్చిందంటే చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. వంతు రాగానే రైతు బండిని కాటా మీదికి ఎక్కిస్తాడు. పక్క గదిలోని యంత్రం మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి. లోడుతో ఎంత, దించేశాక ఎంత... ఆ రెంటికీ మధ్య తేడాయే అతను తెచ్చిన చెరకు. ఏడాది కష్టానికి లెక్క అదే.

ఆ అంకెను గుమాస్తా చూసి చేత్తో రాసుకుంటే? 12,460 కిలోలు కాస్తా తొందరలో 12,640 అయిందనుకోండి. 180 కిలోల తేడా! అది రైతుకు లాభమైనా నష్టమైనా, ఒక్కసారి అలా జరిగితే ఆ కాటా మీద నమ్మకం పోతుంది. అందుకే యంత్రం నుంచి కంప్యూటరుకు నేరుగా తీగ వేసి, మధ్యలో మనిషి చెయ్యి పడకుండా చూస్తారు. చిక్కంతా ఆ తీగ పొడవుతోనే.

యాభై అడుగుల మాట

చాలా కాటా యంత్రాలకు వెనకవైపు తొమ్మిది పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. అదే సీరియల్‌ పోర్టు. అక్షరాలూ అంకెలూ ఒకదాని వెనక ఒకటి వరుసగా అందులోంచి వెళ్తాయి కాబట్టి ఆ పేరు. అది పాటించే పద్ధతి ఆర్‌ఎస్‌-232. అమెరికాలోని ఎలక్ట్రానిక్‌ ఇండస్ట్రీస్‌ అసోసియేషన్‌ 1960లో తెచ్చింది. బల్ల మీది యంత్రాన్ని పక్కనే ఉన్న మోడెముకు కలపడానికి పుట్టిన పద్ధతి అది. దూరాలు దాని పని కావు. మామూలుగా చెప్పుకునే హద్దు 50 అడుగులు, అంటే 15 మీటర్లు.

ఎందుకంటే ఇందులో మాట మోసేది ఒకే తీగ. దాని మీద వోల్టేజి 'ఎర్త్‌'తో పోలిస్తే ఎక్కువుందా తక్కువుందా అని అవతలి యంత్రం చూస్తుంది. తీగ పొడవు పెరిగేకొద్దీ సంకేతం మొద్దుబారుతుంది. దారిలో పెద్ద మోటారు ఆన్‌ అయితే ఆ అలజడి తీగలోకి చొరబడుతుంది. పైగా గేటు దగ్గరి ఎర్త్‌, ఆఫీసు ఎర్త్‌ ఒక్కలా ఉండవు. ఇద్దరు మనుషులు వేర్వేరు మెట్ల మీద నిలబడి ఎత్తు కొలుచుకున్నట్టే! అంకెల బదులు పిచ్చి గుర్తులు రావడం, తెర ఖాళీగా ఉండిపోవడం అందుకే.

బండి ఊగినా...

దీనికి విరుగుడు 1983లో వచ్చిన ఆర్‌ఎస్‌-485. ఇందులో మాటను రెండు తీగలు కలిసి మోస్తాయి. ఒకదాని మీద వోల్టేజి పెరిగితే రెండోదాని మీద తగ్గుతుంది. అవతలి యంత్రం ఆ రెంటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. ఎద్దులబండి మీద అన్నాతమ్ముళ్లు నిలబడ్డారనుకోండి. బండి గోతిలో పడితే ఇద్దరూ కలిసే ఊగుతారు. అన్న తమ్ముడికన్నా ఎంత పొడుగన్నది మాత్రం మారదు. మోటారు రేపిన అలజడి కూడా అంతే, రెండు తీగలకూ సమానంగా తగులుతుంది. తేడా చెక్కుచెదరదు. 0.2 వోల్టుల తేడా ఉన్నా చాలు, మాట అర్థమైపోతుంది!

అలజడి సమానంగా తగలాలనే తీగల్ని పేనుతారు. ఈ కిటుకుకు అలెగ్జాండర్‌ గ్రాహంబెల్‌ టెలిఫోను తీగల కోసం 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. మరీ ఎక్కువ వేగం కోరకపోతే ఆర్‌ఎస్‌-485తో 4,000 అడుగులు, అంటే దాదాపు 1,200 మీటర్లు మాట పంపొచ్చు. ఒకే తీగల జత మీద 32 యంత్రాలను కలపొచ్చు కూడా.

మరి పాత కాటాను పారేయాలా? అక్కర్లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే కన్వర్టరు కాటా గదిలో ఒకటి, ఆఫీసులో ఒకటి పెడితే సరి. మొదటిది 232ను 485గా మారుస్తుంది, రెండోది తిరిగి మామూలుగా చేస్తుంది. ఇప్పటి కంప్యూటర్లకు తొమ్మిది పిన్నుల సాకెట్టే ఉండటం లేదు కాబట్టి, ఆఫీసులో యూఎస్‌బీకి తగిలించే రకం వాడుతున్నారు.

తీగ వేసేటప్పుడే...

డబ్బా కొన్నంత మాత్రాన పనైపోదు. నూతిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టు, తీగ చివరి నుంచి సంకేతమూ వెనక్కి వస్తుంది. దాన్ని మింగేయడానికి రెండు చివర్లా 120 ఓముల రెసిస్టరు పెడతారు. యంత్రాలు ఎక్కువుంటే పూసలు గుచ్చినట్టు ఒకదాని తర్వాత ఒకటి కలపాలి, చెట్టు కొమ్మల్లా చీల్చకూడదు. కరెంటు కేబులు ఉన్న గొట్టంలోంచే ఈ తీగనూ లాగకూడదు. ఎర్త్‌ల తేడా ఎక్కువున్న చోట సంకేతాన్ని వెలుగుగా మార్చి దాటించే ఐసొలేటెడ్‌ రకం కన్వర్టరు కొనాలి. అన్నీ సరిగ్గా ఉన్నా పనిచెయ్యలేదా? ఏ, బీ తీగల్ని తిరగేసి చూడమంటారు మెకానిక్కులు. ఏది ఏ, ఏది బీ అన్న దగ్గర కంపెనీల మధ్యే ఏకాభిప్రాయం లేదు మరి!

ఇంత చేసినా ఒక్కమాట గుర్తుంచుకోవాలి. కాటా తూచినదాన్ని ఈ తీగలు ఉన్నదున్నట్టు మోస్తాయి, అంతే. కాటా సరిగ్గా తూస్తోందా అన్నది తూనికలు-కొలతల శాఖ ముద్ర తేల్చాల్సిన సంగతి. అక్కడ లెక్క తప్పితే, తప్పు అంకెను కూడా అవి అంతే నమ్మకంగా ఆఫీసుకు చేరవేస్తాయి.