మగ్రిబ్ తర్వాతి తారీఖు

మా అబ్బా ఇంతెఖాల్ అయింది ఒక జుమేరాత్ నాడు, మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి. అమ్మీ లెక్కలో అది రజబ్ 12. డెత్ సర్టిఫికెట్‌లో మాత్రం ఇంగ్లీషు తారీఖు ఒక్కటే ఉంది.

మా బేటీ ఈమధ్య డబ్ల్యూపీఎఫ్ నేర్చుకుంటోంది. విండోస్ కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములకు తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సరంజామా అది, 2006 నుంచి ఉంది. ప్రాక్టీసు కోసం మా ఖాందాన్ రిజిస్టర్ ఒకటి తయారు చేసింది. పుట్టుకలు, నికాలు, మౌత్‌లు. లోపల దాచేది ఇంగ్లీషు తారీఖు, తెర మీద చూపేది హిజ్రీ. మధ్యలో తర్జుమా చేసేదాన్ని వాల్యూ కన్వర్టర్ అంటారట.

"మీలాగే అబ్బూ! ఉర్దూలో విని తెలుగులో రాస్తారుగా" అని నవ్వింది.

దానికి రెండు పనులు. కన్వర్ట్ లోపలి విలువను తెరకు తెస్తుంది. కన్వర్ట్‌బ్యాక్ మనం టైపు చేసినదాన్ని వాపస్ లోపలికి పట్టుకెళ్తుంది. క్లాసు రాస్తే సరిపోదు, రిసోర్సెస్‌లో ఒక కీ ఇచ్చి రిజిస్టర్ చేయాలి. బైండింగ్ ఆ కీతోనే దాన్ని పిలుస్తుంది. బేటీ మొదట ఒక్క విండోలోనే రిజిస్టర్ చేసింది. రెండో విండో తెరిస్తే ప్రోగ్రాం ఆగిపోయింది. నికా జరిగినా ఖాజీ సాబ్ దఫ్తరులో ఎక్కకపోతే సర్టిఫికెట్ రాదు కదా, అలాగన్నమాట. అప్లికేషన్ రిసోర్సెస్‌లోకి మార్చాక అన్ని విండోలకూ అందింది.

అమ్మీని పిలిచి చూపించాం. అబ్బా పేరు పక్కన రజబ్ 11 అని ఉంది.

"గలత్ హై బేటీ" అంది అమ్మీ.

బేటీ 12 అని దిద్దింది. ప్రోగ్రాం టక్కున పడిపోయింది. కన్వర్ట్‌బ్యాక్ ఇంకా రాయలేదు, ఖాళీగా ఎక్సెప్షన్ పెట్టి వదిలేసింది. కన్వర్టర్ విసిరిన ఎక్సెప్షన్‌ని బైండింగ్ పట్టుకోదట. ఆ రాత్రి కూర్చుని రాసింది. ఇప్పుడు 12 ఎక్కింది గానీ లోపల ఇంగ్లీషు తారీఖు ఒకరోజు ముందుకు జరిగింది. సర్టిఫికెట్‌తో కలవదు!

డాట్‌నెట్ హిజ్రీ క్యాలెండర్‌ని చాంద్ కనిపించేదాన్ని బట్టి రెండు రోజుల దాకా అటూ ఇటూ జరపొచ్చు. అలా జరిపితే అబ్బా తారీఖు ఒక్కటే కాదు, అందరి తారీఖులూ జరిగాయి.

అసలు సంగతి అమ్మీయే చెప్పింది. "మగ్రిబ్ అయ్యాక పోయారు కదరా. అప్పటికే జుమ్మా రాత్ మొదలైంది."

కంప్యూటర్‌కి రోజు అర్ధరాత్రి మారుతుంది, మనకు మగ్రిబ్‌కి. తారీఖు ఒక్కటే దాచడంతో ఆ సంగతి జారిపోయింది. బేటీ 'మగ్రిబ్ తర్వాత' అని ఒక టిక్ పెట్టె చేర్చింది. తారీఖునూ టిక్‌నూ రెంటినీ కలిపి తీసుకునే మల్టీ వాల్యూ కన్వర్టర్ రాసి రిజిస్టర్ చేసింది. ఒక్క హిజ్రీ తారీఖు నుంచి ఆ రెండూ వెనక్కి రాబట్టలేం కాబట్టి, ఆ బైండింగ్‌ని వన్‌వే చేసింది.

ఇన్నేళ్లుగా ఎవరైనా "మగ్రిబ్ కే బాద్" అంటే నేను వార్తలో "సాయంత్రం" అని రాస్తూ వచ్చాను. తెలుగు తప్పేమీ కాదు. కానీ రోజు మారిపోయిందన్న మాట అందులో లేదు. అది ఎక్కడా దాచిపెట్టుకోలేదు కూడా.

అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని తెర చూసింది. రజబ్ 12.

"అబ్ సహీ హై" అంది. ఈసారి ఫాతిహా ఆ రోజే, ఇన్షా అల్లాహ్.